ఆపద రాకముందే జమ అయ్యే డబ్బు: ఐరాస ఉమ్మడి అత్యవసర నిధి ఎలా పనిచేస్తుంది?

ఎక్కడైనా భూకంపం వచ్చినా, వరద ముంచెత్తినా, యుద్ధం మొదలైనా మర్నాటి వార్తల్లో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. ‘ఐక్యరాజ్యసమితి తన అత్యవసర నిధి నుంచి ఇన్ని కోట్ల డాలర్లు విడుదల చేసింది’ అని. 2023 ఫిబ్రవరి 6న తుర్కియే, సిరియాలను భూకంపం కుదిపేసినప్పుడు ముందుగా 2.5 కోట్ల డాలర్లు, ఆ వారంలోనే సిరియా కోసం మరో 2.5 కోట్ల డాలర్లు ఇలాగే వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో లిబియాలోని దెర్నా నగరాన్ని వరద ఊడ్చేసినప్పుడు కోటి డాలర్లు ప్రకటించారు.

ఇంత తొందరగా డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరు వేస్తారు, ఎవరు తీస్తారు? అది నిజంగా బాధితుడి చేతికి చేరుతుందా? ఈ ప్రశ్నలకు జవాబు తెలియాలంటే ‘ఉమ్మడి నిధి’ అనే పద్ధతి ఏమిటో చూడాలి.

ఉమ్మడి నిధి అంటే ఏమిటి?

మామూలుగా జరిగేది ఇది. విపత్తు వస్తుంది. ఎంత అవసరమో అంచనా వేసి ఐరాస ప్రపంచ దేశాలకు విజ్ఞప్తి చేస్తుంది. ఒక్కో దేశం తన బడ్జెట్ చూసుకుని, తన విదేశాంగ విధానం చూసుకుని, తనకు నచ్చిన సంస్థకు, నచ్చిన పనికి ఇంత అని ఇస్తుంది. ఈలోగా వారాలు, ఒక్కోసారి నెలలు గడిచిపోతాయి. టీవీల్లో బాగా కనిపించిన విపత్తుకు డబ్బు కుప్పలుగా వస్తుంది. కెమెరా చేరని చోటికి చిల్లర కూడా రాదు.

ఉమ్మడి నిధిలో వరుస తిరగబడుతుంది. మొహల్లాలో ఎవరింట్లో చావు జరిగినా ఖర్చుకు ఉండాలని అందరూ ముందే చందా వేసి పెట్టుకున్నట్టు, దేశాలు ఆపద రాకముందే డబ్బు జమ చేస్తాయి. ‘ఇది ఫలానా దేశానికే’, ‘ఇది ఫలానా సంస్థకే’ అనే షరతు పెట్టవు. అవసరం వచ్చినప్పుడు ఎక్కడ ఖర్చు పెట్టాలో నిధిని నడిపే అధికారి తేలుస్తారు.

ఐరాస మానవతా వ్యవహారాల సమన్వయ కార్యాలయం, అంటే ఓచా, ఇలాంటివి రెండు రకాలు నడుపుతోంది. మొదటిది ప్రపంచం మొత్తానికీ ఒకటే నిధి. దాని పేరు సెంట్రల్ ఎమర్జెన్సీ రెస్పాన్స్ ఫండ్, పొట్టిగా ‘సెర్ఫ్’. రెండోది సంక్షోభంలో ఉన్న ఒక్కో దేశానికి విడిగా పెట్టిన నిధి.

చేబదులు నుంచి గ్రాంటు దాకా

సెర్ఫ్‌కు మూలం 1991లో ఉంది. ఆ ఏడాది డిసెంబరులో ఐరాస సర్వసభ్య సభ 46/182 తీర్మానంతో మానవతా సాయానికి ఒక వ్యవస్థను ఏర్పాటు చేసింది. అందులో భాగంగా 5 కోట్ల డాలర్లతో ఒక రివాల్వింగ్ ఫండ్ పెట్టారు. కామర్స్ చదివినవారికి ఈ మాట తెలిసిందే. తీసుకున్న డబ్బు తిరిగి కడితేనే తర్వాతి వాళ్లకు దొరుకుతుంది. ఒక రకంగా చేబదులు అన్నమాట.

చిక్కు అక్కడే వచ్చింది. దాతలు తర్వాత తప్పకుండా ఇస్తారన్న నమ్మకం ఉంటేనే సంస్థలు అప్పు తీసుకునేవి. ఎవరూ పట్టించుకోని సంక్షోభానికి అప్పు తెస్తే తీర్చేదెవరు? దాంతో డబ్బు అత్యంత అవసరమైన చోటే ఈ నిధి పనికిరాకుండా పోయింది.

2004, 2005 సంవత్సరాలు ఈ లోపాన్ని బయటపెట్టాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఇండోనేషియా, శ్రీలంకలతో పాటు తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ తీరాలనూ తాకింది. ఆ విపత్తుకు ప్రపంచమంతటి నుంచీ విరాళాలు వెల్లువెత్తాయి. అదే సమయంలో పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్‌లో కరువు ముంచుకొస్తోందని 2004 నవంబరు నుంచే ఐరాస హెచ్చరిస్తోంది. దాదాపు ఎవరూ స్పందించలేదు. 2005 జులైలో ఎముకల గూళ్లలాంటి పిల్లల దృశ్యాలు టీవీలో వచ్చాకే డబ్బు కదిలింది. అప్పటి ఐరాస అత్యవసర సహాయ సమన్వయకర్త యాన్ ఎగెలాండ్ ఒక లెక్క చెప్పారు. ముందే స్పందించి ఉంటే ఒక బిడ్డను పోషకాహార లోపం నుంచి కాపాడటానికి రోజుకు ఒక డాలరు సరిపోయేది, ఇప్పుడు 80 డాలర్లు అవుతోంది అని.

ఆ ఏడాదే, 2005 డిసెంబరు 15న, సర్వసభ్య సభ 60/124 తీర్మానం చేసింది. పాత రివాల్వింగ్ ఫండ్‌కు గ్రాంటు భాగాన్ని చేర్చి సెర్ఫ్‌గా మార్చింది. 2006 మార్చి 9న అది మొదలైంది. ఏటా 45 కోట్ల డాలర్ల గ్రాంట్లు, దానికి తోడు పాత 5 కోట్ల రుణ భాగం, మొత్తం 50 కోట్లు లక్ష్యం. రుణ భాగాన్ని తర్వాత 3 కోట్లకు తగ్గించారు. ఇప్పుడు సెర్ఫ్ అంటే ప్రధానంగా తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటే.

రెండు పద్దులు

సెర్ఫ్ గ్రాంట్లు రెండు పద్దుల కింద వెళతాయి.

మొదటిది తక్షణ స్పందన పద్దు. కొత్తగా విపత్తు వచ్చినా, ఉన్న సంక్షోభం ఉన్నట్టుండి ముదిరినా దీని నుంచి ఇస్తారు. మొత్తంలో సుమారు మూడింట రెండు వంతులు దీనికే పోతుంది. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చిన కొద్ది గంటల్లోనే కోటి డాలర్లు ఈ దారిలోనే కేటాయించారు. ఈ డబ్బును సాధారణంగా ఆరు నెలల్లో ఖర్చు పెట్టాలి.

రెండోది మరుగునపడిన సంక్షోభాల పద్దు. ఏళ్ల తరబడి సాగుతూ దాతలు విసిగి వదిలేసిన దేశాలకు ఏడాదికి రెండు విడతలుగా ఇస్తారు. ఏ దేశానికి ఎంత నిధుల కొరత ఉంది, అక్కడ ముప్పు ఎంత తీవ్రం అనే లెక్కలు వేసి జాబితా తయారు చేస్తారు. 2025 మార్చిలో ఈ పద్దు నుంచి 10 దేశాలకు కలిపి 11 కోట్ల డాలర్లు ఇచ్చారు. అందులో మూడో వంతు సుడాన్‌కు, సుడాన్ శరణార్థులు తలదాచుకుంటున్న పొరుగు దేశం చాద్‌కు వెళ్లింది. నైజర్‌లో 2005లో జరిగింది మళ్లీ జరగకూడదన్నదే ఈ రెండో పద్దు ఉద్దేశం.

రెండింటికీ ఒక హద్దు ఉంది. ప్రాణాలు నిలబెట్టే పనికే ఈ డబ్బు. తిండి, తాగునీరు, వైద్యం, నీడ, రక్షణ లాంటివాటికి దొరుకుతుంది. కూలిన వంతెనలు కట్టడానికో, బడులు తిరిగి నిర్మించడానికో దొరకదు. వాటికి వేరే దారులు చూసుకోవాల్సిందే.

డబ్బు ఏ దారిన వెళుతుంది?

బాధిత దేశంలో ఉన్న ఐరాస ఉన్నతాధికారి, అంటే రెసిడెంట్ కోఆర్డినేటర్ లేదా మానవతా సమన్వయకర్త, అన్ని సంస్థలనూ కూర్చోబెట్టి ముందు ఏం చేయాలో తేలుస్తారు. ఒకే దరఖాస్తు న్యూయార్క్‌కు వెళుతుంది. అక్కడ అత్యవసర సహాయ సమన్వయకర్త ఆమోదిస్తారు. 2024 నవంబరు నుంచి ఆ పదవిలో బ్రిటన్‌కు చెందిన టామ్ ఫ్లెచర్ ఉన్నారు.

డబ్బు బాధిత దేశ ప్రభుత్వ ఖజానాకు పోదు. ఐరాస సంస్థలకు వెళుతుంది. ఆహారమైతే ప్రపంచ ఆహార కార్యక్రమం, పిల్లల విషయమైతే యునిసెఫ్, వైద్యమైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ. వలసదారుల సంస్థ ఐఓఎంకూ అర్హత ఉంది. స్వచ్ఛంద సంస్థలు నేరుగా దరఖాస్తు పెట్టలేవు. ఐరాస సంస్థలతో ఒప్పందం చేసుకుని పని చేయాలి. 2020లో కోవిడ్ సమయంలో ఐఓఎం ద్వారా స్వచ్ఛంద సంస్థలకు 2.5 కోట్ల డాలర్లు ఇవ్వడం దీనికి ఒక మినహాయింపు.

అఫ్గానిస్తాన్, 2021: నాలుగు నెలల వంతెన

ఉమ్మడి నిధి విలువ ఏమిటో అర్థం కావాలంటే అఫ్గానిస్తాన్ ఉదాహరణ చాలు.

2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్‌ను పట్టుకోగానే విదేశీ సాయం ఒక్కసారిగా ఆగిపోయింది. దేశంలోని వేలాది ఆరోగ్య కేంద్రాలు ‘సెహత్‌మందీ’ అనే కార్యక్రమం కింద నడిచేవి. దానికి డబ్బు ప్రపంచ బ్యాంకు నిర్వహించే ట్రస్టు నిధి నుంచి వచ్చేది. అది నిలిచిపోయింది. జీతాల్లేవు, మందుల్లేవు. సెహత్‌మందీ కింద ఉన్న కేంద్రాల్లో 17 శాతమే పూర్తిగా పనిచేస్తున్నాయని సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఏ ప్రభుత్వాన్ని గుర్తించాలి, ఆంక్షలు ఎలా వర్తిస్తాయి అని దేశాలు చర్చించుకుంటున్నాయి. అది తేలేదాకా ప్రసవానికి వచ్చిన ఆడమనిషిని ఆగమని చెప్పలేరు కదా. సెప్టెంబరు 22న అప్పటి సమన్వయకర్త మార్టిన్ గ్రిఫిత్స్ సెర్ఫ్ నుంచి 4.5 కోట్ల డాలర్లు విడుదల చేశారు. యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థల ద్వారా, క్షేత్రంలో ఆస్పత్రులు నడిపే స్వచ్ఛంద సంస్థలతో కలిసి, ఏడాది చివరిదాకా కేంద్రాలు మూతపడకుండా చూడటం లక్ష్యం.

డిసెంబరులో ప్రపంచ బ్యాంకు ట్రస్టు నిధి నుంచి 28 కోట్ల డాలర్లు మళ్లించేందుకు దాతలు ఒప్పుకున్నారు. అందులో 10 కోట్లు యునిసెఫ్‌కు, 18 కోట్లు ప్రపంచ ఆహార కార్యక్రమానికి. పెద్ద డబ్బు వచ్చేదాకా మధ్యలో ఉన్న ఖాళీని చిన్న డబ్బు పూడ్చింది. ఆ 4.5 కోట్ల కోసం కూడా అప్పుడు కొత్తగా విజ్ఞప్తి చేయాల్సి వస్తే ఇంత తొందరగా పని జరిగేది కాదు.

దేశాల వారీ నిధులు

రెండో రకం నిధులు బాధిత దేశంలోనే ఉంటాయి. యెమెన్, సిరియా, సుడాన్, సోమాలియా, అఫ్గానిస్తాన్, పాలస్తీనా, లెబనాన్, కాంగో, ఉక్రెయిన్ లాంటి చోట్ల ఇవి పెట్టారు. దేశంలోని మానవతా సమన్వయకర్త వీటికి పెద్ద. దాతలు, ఐరాస సంస్థలు, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులతో ఒక సలహా మండలి ఉంటుంది. రోజువారీ పని ఓచా చూస్తుంది. 2021, 2022 సంవత్సరాల్లో ఈ నిధులన్నిటికీ కలిపి ఏటా 100 కోట్ల డాలర్లకు మించి విరాళాలు వచ్చాయి.

సెర్ఫ్‌కూ వీటికీ పెద్ద తేడా ఒకటుంది. ఇక్కడ స్వచ్ఛంద సంస్థలు, స్థానిక సంస్థలు కూడా నేరుగా గ్రాంటు పొందవచ్చు. 2016 మేలో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మానవతా సదస్సులో దాతలు, సహాయ సంస్థలు ‘గ్రాండ్ బార్గెయిన్’ పేరుతో ఒక ఒప్పందానికి వచ్చాయి. 2020 నాటికి మానవతా నిధుల్లో కనీసం 25 శాతం స్థానిక, జాతీయ సంస్థలకు వీలైనంత నేరుగా అందాలని అనుకున్నాయి. ప్రపంచం మొత్తమ్మీద ఆ మాట నెరవేరలేదు. దానికి కాస్త దగ్గరగా వచ్చిన దారుల్లో దేశాల వారీ నిధులు ముఖ్యమైనవి.

వీటిలో యెమెన్ నిధి అతి పెద్దవాటిలో ఒకటి. హైదరాబాద్ బార్కస్‌లో నిజాం సైన్యంలో పనిచేయడానికి హద్రమౌత్ నుంచి వచ్చినవారి వారసులు నేటికీ ఉన్నారు. వాళ్లకు యెమెన్ వార్తలు దూరపు వార్తలు కావు. 2020 నవంబరులో కరువు ముప్పు ఉన్న దేశాలకు సెర్ఫ్ 10 కోట్ల డాలర్లు విడుదల చేసినప్పుడు అందరికంటే ఎక్కువ వాటా, 3 కోట్లు, యెమెన్‌కే దక్కింది.

సుడాన్‌లో ఇంకో ప్రశ్న ఎదురైంది. 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలయ్యాక చాలాచోట్ల అంతర్జాతీయ సంస్థలు వెనక్కి తగ్గాయి. పేటల్లోని కుర్రాళ్లు, ఆడవాళ్లు కలిసి ‘ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్’ పేరుతో బృందాలు కట్టారు. ‘తకాయా’ అనే ఉమ్మడి వంటశాలలు నడిపి ఆకలి తీర్చారు. వాళ్లకు రిజిస్ట్రేషన్ లేదు, ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీట్ లేదు. ఐరాస నిబంధనల ప్రకారం అలాంటివాళ్లకు నేరుగా చెక్కు రాయడం కుదరదు. అందుకే మధ్యలో ఒక స్వచ్ఛంద సంస్థను పెట్టి చిన్న చిన్న గ్రాంట్లుగా ఇచ్చే పద్ధతి వచ్చింది. అన్నం వండేది ఒకరు, కాగితాలు చూపించేది ఇంకొకరు. ఈ ముడి ఇంకా పూర్తిగా విడలేదు.

వరద రాకముందే డబ్బు: బంగ్లాదేశ్, 2020

ఇటీవలి సంవత్సరాల్లో వచ్చిన పెద్ద మార్పు ముందస్తు చర్య. నది పొంగాక పడవలు పంపే బదులు, పొంగుతుందని అంచనా రాగానే డబ్బు విడుదల చేయడం.

బంగ్లాదేశ్‌లో జమునా నది విషయంలో దీన్ని పరీక్షించారు. వరద అంచనా ఏ స్థాయి దాటితే ఏ సంస్థకు ఎంత వెళ్లాలో ముందే రాసి పెట్టుకున్నారు. 2020 జులై 4న అంచనా ఆ గీత దాటింది. సెర్ఫ్ నుంచి 52 లక్షల డాలర్లు కదిలాయి. ప్రపంచ ఆహార కార్యక్రమం కుటుంబాలకు మొబైల్ ద్వారా 4,500 టాకాల చొప్పున నగదు పంపింది. ఆహార, వ్యవసాయ సంస్థ పశువుల దాణా, విత్తనాలూ పనిముట్లూ తడవకుండా దాచుకునే డ్రమ్ములు ఇచ్చింది. ఐరాస జనాభా నిధి మహిళలకు పరిశుభ్రత కిట్లు పంచింది. సుమారు 2.2 లక్షల మందికి సాయం అందింది.

ఇందులో కిటుకు ఏమిటంటే, ముందుగా చేతిలో పడిన 4,500 టాకాలతో ఆ కుటుంబం బియ్యం కొని పెట్టుకుంటుంది, ఆవును మెట్టకు తోలుకుపోతుంది. అదే డబ్బు వరద తర్వాత వస్తే అప్పటికే ఆవు అయినకాడికి అమ్ముడుపోయి ఉంటుంది, లేదా వడ్డీకి అప్పు తెచ్చి ఉంటారు.

ఎవరు వేస్తారు? ఎంత వస్తుంది?

సెర్ఫ్ మొదలైనప్పటి నుంచి 120కి పైగా దేశాలు చందా వేశాయి. భారత్ కూడా ఆ జాబితాలో ఉంది. ఈ నిధి నుంచి సాయం పొందిన దేశాలు కూడా తమ వంతు చిన్న మొత్తాలు ఇచ్చిన సందర్భాలున్నాయి. అయితే డబ్బులో అధిక భాగం జర్మనీ, స్వీడన్, నార్వే, నెదర్లాండ్స్, బ్రిటన్, డెన్మార్క్, కెనడా లాంటి కొద్ది దేశాలదే. బలం ఎక్కడుందో బలహీనతా అక్కడే ఉంది. ఆ కొద్ది రాజధానుల్లో బడ్జెట్ కోత పడితే నిధి మొత్తం చిక్కిపోతుంది. 2025 ఫిబ్రవరిలో బ్రిటన్ తన విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తామని ప్రకటించింది.

2016లో సర్వసభ్య సభ సెర్ఫ్ లక్ష్యాన్ని ఏడాదికి 100 కోట్ల డాలర్లకు పెంచింది. 2018 నాటికి అక్కడికి చేరాలి. చేరలేదు. 2019లో విరాళాలు 80 కోట్లు దాటాయి. తర్వాత మళ్లీ తగ్గాయి. కేటాయింపుల్లో 2020 రికార్డు, 84 కోట్లకు పైగా.

దీన్ని అవసరం పక్కన పెట్టి చూడాలి. 2025కు ప్రపంచవ్యాప్తంగా మానవతా సాయానికి 4,700 కోట్ల డాలర్లు కావాలని ఐరాస అడిగింది. డబ్బు రాకపోవడంతో జూన్‌లో ఆ జాబితాను కత్తిరించి, అత్యంత అత్యవసరమైన 11.4 కోట్ల మందికి 2,900 కోట్లు చాలని కుదించుకుంది. సెర్ఫ్ తన 100 కోట్ల లక్ష్యాన్ని పూర్తిగా అందుకున్నా మొదట అడిగిన మొత్తంలో అది 2 శాతం చిల్లరే. 2022 పాకిస్తాన్ వరదల్లో సెర్ఫ్ ఇచ్చింది కోటి డాలర్లు. ఐరాస విజ్ఞప్తి మొదట 16 కోట్లు, అక్టోబరుకు 81.6 కోట్లు. ఈ నిధి మొదటి అడుగు వేయించగలదు. మిగతా దారంతా నడవడానికి వేరే డబ్బు రావాల్సిందే.

లెక్కాపత్రం

విరాళాల మాట రాగానే వచ్చే అనుమానం ఒకటే: మధ్యలో ఎంత పోతుంది? సెర్ఫ్ గ్రాంటులో ఐరాస సంస్థ తన నిర్వహణ ఖర్చు కింద గరిష్ఠంగా 7 శాతం తీసుకోవచ్చు. ప్రతి కేటాయింపూ ఏ దేశానికి, ఏ సంస్థకు, దేనికోసం వెళ్లిందో బహిరంగంగా ప్రకటిస్తారు. పని పూర్తయ్యాక నివేదిక ఇవ్వాలి.

దేశాల వారీ నిధుల్లో తనిఖీ ఇంకా లోతుగా ఉంటుంది. గ్రాంటు ఇచ్చే ముందే సంస్థ సామర్థ్యం చూసి రిస్కు ఎక్కువా, మధ్యస్థమా, తక్కువా అని తేలుస్తారు. రిస్కు ఎక్కువైతే డబ్బు చిన్న విడతల్లో వస్తుంది, తనిఖీలు ఎక్కువవుతాయి. బయటి ఆడిటర్లు లెక్కలు చూస్తారు.

గట్టి విమర్శ ఇంకోచోట ఉంది. సెర్ఫ్ నుంచి ఐరాస సంస్థకు డబ్బు రోజుల్లో చేరుతుంది. అక్కడి నుంచి క్షేత్రంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థకు వెళ్లేసరికి ఒప్పందాలు, సంతకాల పేరుతో వారాలు పడుతుందని చాలాకాలంగా ఫిర్యాదు. ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు, ప్రతి మెట్టు మీదా కొంత ఖర్చు. వేగం కోసం పుట్టిన నిధికి ఇది చిన్న లోపమేమీ కాదు.

డబ్బు ఉన్నా అందనప్పుడు

డబ్బు తెరవలేని తలుపులు కూడా ఉంటాయి. 2023 భూకంపం తర్వాత వాయవ్య సిరియాకు నిధులు వెంటనే ప్రకటించారు. కానీ తుర్కియే నుంచి ఐరాస లారీలు వెళ్లడానికి అప్పుడు అనుమతి ఉన్నది బాబ్ అల్-హవా అనే ఒక్క సరిహద్దు దారికే. శిథిలాల కింద ఉన్నవారికి గంటలే ముఖ్యమైన సమయంలో మొదటి కాన్వాయ్ ఫిబ్రవరి 9న గానీ దాటలేదు. వాయవ్య సిరియా ప్రజల విషయంలో మనం ఇప్పటిదాకా విఫలమయ్యామని గ్రిఫిత్స్ స్వయంగా ఒప్పుకున్నారు. ఆ తర్వాతే మరో రెండు దారులు తెరిచారు. గాజాలోనూ ఇదే పరిస్థితి. సరుకు కొనడానికి డబ్బు ఒక ఎత్తు, దాన్ని గేటు దాటించడం ఇంకో ఎత్తు.

వార్త చదివేటప్పుడు గమనించాల్సిన నాలుగు మాటలు

సాయం వార్తల్లో అంకెలు ఒకదానితో ఒకటి కలిసిపోతుంటాయి. వీటిని విడివిడిగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ప్లెడ్జ్: ఇస్తామని ఇచ్చిన మాట. సదస్సుల్లో వినిపించే పెద్ద అంకెలు ఎక్కువగా ఇవే. ఇంకా ఖాతాలో పడలేదు.

కంట్రిబ్యూషన్: ఒప్పందం కుదిరి నిజంగా జమ అయ్యేది. ప్లెడ్జ్‌కూ దీనికీ మధ్య నెలల తేడా ఉండొచ్చు.

అలొకేషన్: నిధి నుంచి ఫలానా దేశానికి, ఫలానా పనికి కేటాయించిన మొత్తం. ‘ఐరాస ఇన్ని కోట్లు విడుదల చేసింది’ అనే వార్త సాధారణంగా దీని గురించే.

ఖర్చు: బియ్యంగా, మందుగా, టెంటుగా, చేతిలో నగదుగా మారిన డబ్బు. ఇది ఆరు నెలలకో ఏడాదికో వచ్చే నివేదికలో కనిపిస్తుంది. అప్పటికి విపత్తు మొదటి పేజీ నుంచి వెళ్లిపోయి ఉంటుంది కాబట్టి, ఆ నాలుగో అంకెను వెతికి చదివేవాళ్లు తక్కువ. బాధితుడికి మాత్రం లెక్కలోకి వచ్చేది అదొక్కటే.